తారాచిత్రానికి గద్య

మన కావ్యాలలో ఆశ్వాసాంత గద్య కవి పేరునూ, కృతి పేరునూ నిలుపుతుంది. ఖగోళ చిత్రాలకు అటువంటి గద్యను 1981లో వెల్స్, గ్రైసన్, హార్టెన్‌లు ‘ఫిట్స్’ పేరిట ప్రకటించారు. అంతకుముందు ఒక వేధశాల టేపు మరొక చోట చదవడం కష్టమయ్యేది. ఫిట్స్‌లో చిత్రానికి ముందే, 80 అక్షరాల పంక్తులలో, చూసిన జ్యోతి, దూరదర్శిని, తేదీ వంటి వివరాలుంటాయి. 1982లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దీనిని ఆమోదించింది.

పాత చిత్రాన్ని కొత్తదానితో పోల్చి, కదిలిన గ్రహశకలాన్నో, కొత్తగా వెలిగిన నోవానో గుర్తించడానికి ఆ తేదీయే ఆధారం. మొదట సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసేవారు. 2000 సమీపిస్తుండగా, 1997లో నాలుగంకెలు చేశారు. అయినా పాత దస్త్రాలు చెల్లకుండా పోలేదు: ఒకసారి ఫిట్స్ అయినది ఎన్నటికీ ఫిట్సేనన్నది వారి నియమం. ఆనాటి ఆకాశం నేటికీ సాక్ష్యమిస్తున్నదంటే ఆ నియమం చలవే.