బాలసాహిత్యంలో ఆవిష్కర్త: ఆసుయంత్ర చరిత్ర – పరిశీలన

1. ప్రవేశిక

పిల్లల కోసం రాసే ఆవిష్కర్తల జీవితకథల్లో నాయకుడు తరచుగా పుట్టుమేధావిగా దర్శనమిస్తాడు. ఆవిష్కరణకు కారణమైన శ్రమ, యంత్రం పనిచేసే తీరు, దానివల్ల మారిన బతుకులు మరుగున పడతాయి. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని కోనరావుపేట వంటి మండలంలో ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. మరమగ్గాల కేంద్రమైన సిరిసిల్లకు చేరువలో పెరిగే పిల్లలకు యంత్రం పాఠ్యపుస్తకంలోని బొమ్మ మాత్రమే కాదు, చుట్టూ ఉన్న జీవనాధారం కూడా.

2. ఆసు – ఆవిష్కరణ

ఇందుకు తెలంగాణలోనే తగిన ఉదాహరణ ఉంది. పోచంపల్లి చీర నేతలో నూలుకు రంగులు అద్దే ముందు ఆసు పోయాలి. అర్ధవృత్తాకారంలో నిలిపిన మేకులకు పోగును వరుసగా చుట్టాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు కదలాలి. ఈ పని ప్రధానంగా ఇంటి స్త్రీలది. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజాల నొప్పిని చూసి, 1992లో యంత్రం కోసం ప్రయత్నం ఆరంభించాడు. అది 1999లో ఫలించింది. నాలుగైదు గంటల పని దాదాపు గంటన్నరకు తగ్గింది. యంత్రానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 2019లో ఆయన జీవితం ‘మల్లేశం’ చలనచిత్రమైంది.

3. యంత్రానికి రెండు ముఖాలు

జాన్ కే 1733లో రూపొందించిన ఎగిరే నాడె నేత వేగాన్ని పెంచింది. 1785లో ఎడ్మండ్ కార్ట్‌రైట్ మరమగ్గానికి పేటెంట్ పొందాడు. మరమగ్గం బట్టను చవక చేసింది; చేనేత కుటుంబాల ఉపాధిని దెబ్బతీసింది. ఆసుయంత్రం చేతిమగ్గాన్ని తొలగించలేదు. మగ్గానికి ముందున్న నొప్పిని తొలగించింది. ఒకే వృత్తిలో యంత్రం ఒకచోట పోటీగా, మరొకచోట ఊరటగా నిలిచింది. ఎవరి శ్రమ తగ్గింది, ఎవరి పని పోయింది అనే ప్రశ్న లేనిదే ఆవిష్కరణ చరిత్ర సంపూర్ణం కాదు.

4. ముగింపు

వస్తువు చరిత్రను ఆసక్తికరమైన కథగా చెప్పవచ్చని మహీధర నళినీమోహన్ క్యాలెండర్ చరిత్ర ద్వారా నిరూపించారు. ఆ మార్గంలో ఆసుయంత్రం కథ పురస్కారంతో కాక, తల్లి భుజంతో మొదలుకావాలి. ఏడేళ్ల వైఫల్యాలు అందులో ప్రధాన అధ్యాయాలు కావాలి. అప్పుడే సిరిసిల్ల ప్రాంతపు బాలపాఠకుడు ఆవిష్కర్తను దూరపు మహనీయుడిగా కాక, తన ఇంటి కష్టాన్ని గమనించిన మనిషిగా గుర్తిస్తాడు.