ఉద్యోగంలో ఉండగా వినికిడి తగ్గితే? అధ్యాపకులు, పరిశోధకులు తెలుసుకోవాల్సిన హక్కులు

కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేయాలన్నా, కర్నూలు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పాలన్నా వినికిడి లోపం అడ్డు కాకూడదు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం (2016) ఇందుకు భరోసా ఇస్తోంది.

ఎవరికి వర్తిస్తుంది?

రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ వినికిడి నష్టం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి లోపం ఉన్నవారు. రిజర్వేషన్‌కు సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం వైకల్యం నమోదు కావాలి. స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేసుకుని, సూచించిన ఆసుపత్రిలో ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోవాలి.

చదువులో, నియామకాల్లో ఏముంది?

* ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో అన్ని రకాల దివ్యాంగులకు కలిపి కనీసం 5 శాతం సీట్లు, గరిష్ఠ వయసులో 5 ఏళ్ల సడలింపు.
* యూజీసీ 2022 నిబంధనల ప్రకారం, వైకల్యం 40 శాతం దాటితే పీహెచ్‌డీ పూర్తికి అదనంగా 2 ఏళ్ల వరకు గడువు ఇవ్వొచ్చు.
* అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు పీజీలో 55 బదులు 50 శాతం మార్కులు చాలు.
* ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగుల కోటా 4 శాతం. అందులో 1 శాతం వినికిడి లోపం ఉన్నవారిది.

మధ్యలో వినికిడి పోతే ఉద్యోగం పోతుందా?

పోదు. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థలు తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పని కుదరకపోతే అదే వేతన స్కేలుతో మరో పోస్టుకు మార్చాలి. ఈ రక్షణ సెక్షన్ 20లో ఉంది. అందుకే ఉద్యోగ భయంతో సమస్యను దాచుకోనక్కర్లేదు.

ఏం అడగొచ్చు?

తరగతిలో విద్యార్థుల ప్రశ్నలకు మైకు, సమావేశాల అజెండా ముందే రాతలో, అందరి ముఖాలూ కనిపించే సీటు, వైవాలో సంజ్ఞా భాష దుబాసీ లేదా రాతపూర్వక ప్రశ్నలు కోరవచ్చు. ఫోన్‌లోని ‘లైవ్ ట్రాన్స్‌క్రైబ్’ తెలుగు మాటలను అక్షరాల్లో చూపుతుంది. కానీ నలుగురూ ఒకేసారి మాట్లాడితే తడబడుతుంది. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలన్న నియమాన్ని కూడా అభ్యర్థనలో చేర్చండి.

స్పందించకపోతే?

అభ్యర్థనను రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఫిర్యాదు నమోదైన 2 వారాల్లో విచారణ జరపాలి. అక్కడా న్యాయం జరగకపోతే జిల్లా స్థాయి కమిటీని, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌ను ఆశ్రయించవచ్చు. అప్పుడు ఆ రసీదే మీ ఆధారం.