గయానా పర్యాటకం

గయానా దక్షిణ అమెరికా ఖండపు ఈశాన్య తీరంలో, అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున ఉన్న దేశం. దీని రాజధాని జార్జ్‌టౌన్. ఆ ఖండంలో ఇంగ్లీషు అధికార భాషగా గల స్వతంత్ర దేశం ఇదొక్కటే. బ్రెజిల్, పెరూ దేశాలకు వెళ్ళే యాత్రికులతో పోల్చితే ఇక్కడికి వచ్చేవారు చాలా తక్కువ. అయితే పందొమ్మిదవ శతాబ్దంలో మద్రాసు రేవు నుండి ఇక్కడి చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళినవారిలో తెలుగువారు కూడా ఉన్నారు. అందువలన తెలుగువారికి ఈ యాత్ర విహారమే కాక, మరుగున పడిన ఒక చరిత్రను తెలుసుకునే అవకాశం కూడా.

ఉనికి, వాతావరణం

గయానా వైశాల్యం 2,14,969 చదరపు కిలోమీటర్లు. ఇది ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. జనాభా మాత్రం సుమారు 8 లక్షలు, అనగా పల్నాడు జిల్లా జనాభాలో సగం కూడా లేదు. ప్రజలలో అత్యధికులు సన్నని తీరమైదానంలోనే నివసిస్తారు. మిగిలిన భూభాగంలో చాలా వరకు దట్టమైన అడవులే. తీరప్రాంతంలో సంవత్సరానికి రెండు వర్షాకాలాలు ఉంటాయి. మొదటిది మే నుండి ఆగస్టు వరకు, రెండవది నవంబరు చివర నుండి జనవరి వరకు. మిగిలిన నెలలు యాత్రకు అనుకూలం.

చరిత్ర

డచ్చివారి తరువాత ఈ ప్రాంతం బ్రిటిషువారి వశమైంది. బానిసత్వం రద్దు కావడంతో తోటల యజమానులు కూలీల కొరకు భారతదేశం వైపు చూశారు. విట్బీ, హెస్పెరస్ అను ఓడలలో మొదటి భారతీయులు 1838 మే 5న ఇక్కడ దిగారు. 1917లో ఈ ఒప్పంద కూలీ విధానం నిలిచిపోయేవరకు సుమారు 2 లక్షల 39 వేల మంది వచ్చారు. వీరిలో అధికులు నేటి ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాలవారు. 1845 తరువాత మద్రాసు రేవు నుండి కూడా ఓడలు బయలుదేరాయి. గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన 1832-33 నాటి నందన కరువు వంటి విపత్తులు దక్షిణాది పేదలను వలసలకు పురికొల్పాయి. గయానా 1966 మే 26న స్వాతంత్ర్యం పొందింది.

మద్రాసీలు, తెలుగువారు

మద్రాసు రేవు నుండి వచ్చిన తెలుగువారిని, తమిళులను కలిపి "మద్రాసీలు" అని పిలిచేవారు. ఉత్తరాదివారి మధ్య వీరు అల్పసంఖ్యాకులు. కాలక్రమంలో తెలుగు మాట్లాడేవారు లేకుండా పోయారు. వీరస్వామి, పెరుమాళ్ వంటి పేర్లు వీరసామి, పెర్మాల్ అనే ఇంటిపేర్లుగా మిగిలాయి. పేరును బట్టి తెలుగువారెవరో, తమిళులెవరో చెప్పడం కష్టం.

భాష పోయినా అమ్మవారి కొలువు నిలిచింది. కాళీమాయి పూజలో వేపమండలు, పూనకం, తప్పెటను పోలిన వాద్యం కనిపిస్తాయి. పల్నాటి అంకమ్మ, పోలేరమ్మ కొలుపులను చూసినవారికి ఇవి పరిచితంగా తోస్తాయి. తూర్పున బెర్బీస్ ప్రాంతంలో మద్రాసీ సంతతివారు ఎక్కువ. 2015 నుండి 2020 వరకు ప్రధానమంత్రిగా ఉన్న మోజెస్ నాగముత్తు అక్కడి విమ్ గ్రామంలో జన్మించారు.

చూడదగిన ప్రదేశాలు

జార్జ్‌టౌన్: సముద్రం పోటు మీదున్నప్పుడు ఈ నగరం నీటిమట్టం కంటే దిగువన ఉంటుంది. సముద్రపు గోడ, డచ్చివారి నాటి కాలువలు, తూములు నగరాన్ని కాపాడుతున్నాయి. కొయ్యతో కట్టిన సెయింట్ జార్జ్ కెథడ్రల్, 1881 నాటి గడియార స్తంభం గల స్టాబ్రోక్ మార్కెట్, విట్బీ ఓడ నమూనా గల భారతీయ స్మారక ఉద్యానం చూడదగినవి. వాల్టర్ రాడ్నీ జాతీయ ప్రాచీన పత్రాలయంలో పాత వలస రికార్డులు ఉన్నాయి. నాటి వలస పత్రాలలో కూలీ జిల్లా, గ్రామం నమోదు చేసేవారు. కనుక పూర్వీకుల ఊరు వెతుక్కునే సంతతివారికి ఇటువంటి రికార్డులే ఆధారం.

కైటూర్ జలపాతం: పొటారో నదిపై ఉంది. నీరు ఒక్క దూకులో 226 మీటర్లు పడుతుంది. మాచర్ల సమీపంలోని ఎత్తిపోతల ఎత్తు సుమారు 21 మీటర్లు. అనగా కైటూర్ దానికి పదింతలు. జార్జ్‌టౌన్ సమీపంలోని ఓగిల్ విమానాశ్రయం నుండి చిన్న విమానాలలో వెళ్ళి అదే రోజు తిరిగి రావచ్చు.

ప్రావిడెన్స్ స్టేడియం: 2007 ప్రపంచ కప్ కొరకు భారత సహాయంతో నిర్మించబడింది. 2024 జూన్ 27న టీ20 ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో భారత జట్టు ఇంగ్లండును ఇక్కడే ఓడించింది.

ఆహారం

రోటీ, కూరలు సాధారణ భోజనం. హిందువుల శుభకార్యాలలో తామరాకులో అన్నంతో ఏడు రకాల కూరలు వడ్డిస్తారు. దీనినే "సెవెన్ కర్రీ" అంటారు.

ప్రయాణ సూచనలు

భారతదేశం నుండి నేరుగా విమానాలు లేవు. న్యూయార్క్ వంటి నగరాల మీదుగా చేరవలెను. అంతర్జాతీయ విమానాలు దిగే ప్రధాన స్థానమైన చెడ్డీ జగన్ విమానాశ్రయం జార్జ్‌టౌన్‌కు దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. గయానా సమయం మన సమయం కంటే తొమ్మిదిన్నర గంటలు వెనుక. ఇక్కడి నుండి భారతదేశానికి తిరిగి వచ్చేవారికి పసుపు జ్వరం టీకా ధ్రువపత్రం అవసరం. ఈ టీకాను ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. జార్జ్‌టౌన్‌కు రెండు రోజులు, కైటూర్‌కు ఒకరోజు, బెర్బీస్‌కు ఒకరోజు కేటాయించినచో ముఖ్యమైనవన్నీ చూడవచ్చును.