‘ఆటోబాన్’: ఒక రహదారి పాట కథ

జర్మన్ ఎలెక్ట్రానిక్ బృందం క్రాఫ్ట్‌వర్క్ చేసిన ‘ఆటోబాన్’ ఆల్బమ్ గురించి రాయాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. నాకు జర్మన్ రాదు. అయినా పాట మొదట్లో కారు తలుపు మూసిన చప్పుడు, ఇంజను అందుకున్న శబ్దం వినగానే వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్న పిల్లవాణ్ణయిపోతాను.

జర్మనులకు ఆ రహదారి అంత అమాయకమైనది కాదు. కొలోన్, బాన్ నగరాల మధ్య మార్గాన్ని 1932లో ప్రారంభించినది అప్పటి కొలోన్ మేయరు ఆడెనావర్. మరుసటి ఏడు అధికారానికి వచ్చిన హిట్లరు ఆ ఘనతనంతా తన ఖాతాలో వేసుకున్నాడు. ఆ ప్రచారపు మరక నేటికీ పూర్తిగా పోలేదు. ఆ మరక పడిన మాటనే రాల్ఫ్ హ్యూటర్, ఫ్లోరియన్ ష్నైడర్ తమ పాటకు పేరుగా పెట్టుకున్నారు. ఇద్దరూ యుద్ధం ముగిశాక పుట్టినవారే. రాక్ పాటంటే ఇంగ్లీషే అనుకునే రోజుల్లో, సొంత భాషలో, 22 నిమిషాలకు పైగా, రికార్డు ఒక వైపంతా నిండేలా పాడారు. నా దృష్టిలో అసలు సాహసం యంత్రాలది కాదు, ఇదీ.

యంత్రాల సంగతీ చెప్పాలి. వారు కొన్న మినీమూగ్ సింథసైజరు ఖరీదు ఇంచుమించు ఒక ఫోక్స్‌వాగన్ కారంత అని హ్యూటర్ తరువాత చెప్పుకున్నాడు. (ఎమిల్ షుల్ట్ వేసిన ముఖచిత్రంలో తెల్లని ఫోక్స్‌వాగన్ ఉండనే ఉంది!) కానీ మీట నొక్కి ఊరుకుంటే వచ్చిన సంగీతం కాదది. వోల్ఫ్‌గాంగ్ ఫ్లూర్ ఎలెక్ట్రానిక్ డ్రమ్ములను లోహపు పుల్లలతో చేత్తోనే వాయించాడు. మధ్యలో ష్నైడర్ వేణువు కూడా వినిపిస్తుంది.

1974 నవంబరులో ఆల్బమ్ వెలువడింది. రేడియో కోసం పాటను మూడు నిమిషాల చిల్లరకు కత్తిరించారు. 1975లో అమెరికాలో ఆ ముక్క 25వ స్థానానికి, ఆల్బమ్ 5వ స్థానానికి చేరాయి. ‘ప్రయాణించడం’ అనే జర్మన్ క్రియను చాలామంది శ్రోతలు ఇంగ్లీషు ‘ఫన్’గా విని బీచ్ బాయ్స్‌ను తలచుకున్నారట. పోనిద్దురూ, విన్నారు కదా!

నాకు మనసులో మెదిలేది మాత్రం కోనీ ప్లాంక్. బృందపు తొలి ఆల్బమ్‌లకు సహనిర్మాతగా పేరున్న ఆయనకు, ఇంత శబ్దవిన్యాసం ఉన్న ఈ ఆల్బమ్ మీద దక్కినది ఇంజినీరు హోదా మాత్రమే. 1987లో, 47 ఏళ్ళకే పోయాడు. క్రాఫ్ట్‌వర్క్‌తో ఆయన చేసిన ఆఖరి ఆల్బమ్ ఇది.