బాలేశ్వరమునకు రాని యోడ

శత్రుభూమికి ఆవలనున్న రాజు మిత్రుడగునని కౌటిల్యుడు వచించిన మాటను శిష్యులకు బోధించినప్పుడెల్ల మాకు 1915వ సంవత్సరపు బాలేశ్వర వృత్తాంతము స్మరణకు వచ్చుచుండెడిది.

1914లో యూరపు మహాసంగ్రామము మొదలైనంతనే జర్మనీ ప్రభుత్వమును, అమెరికాలోని గదరు పక్షమువారును, వంగదేశ విప్లవకారులును ఏకకార్యోన్ముఖులైరి. ధనము జర్మనులది, ప్రాణములు మనవారివి. జర్మనీకి గావలసినది ఆంగ్లసేనలు భారతదేశమున నిలిచిపోవుటయే గాని మన స్వాతంత్ర్యము గాదని మా తలంపు. ఆంధ్రులలో కనిగిరివారగు దరిశి చెంచయ్యగారును గదరు పక్షమున జేరి, సయాము దేశమున బట్టువడి చెరసాలల పాలైరి.

సుమారు 8,000 తుపాకులును, 40 లక్షల తూటాలును గొని, ఆనీ లార్సెన్ అను తెరచాప యోడ 1915 మార్చిలో శాన్ డియాగో రేవు వెడలెను. మెక్సికో పడమటి సముద్రమందలి సొకోరో ద్వీపముకడ మావరిక్ అను చమురు నావ ఆ సరకు నెక్కించుకొని, తుపాకులను తొట్టిలోని చమురున దాచి, జావా మీదుగా తేవలెనని యేర్పాటు. మావరిక్ జాగుచేసెను. ద్వీపమున ద్రాగునీరు చాలక ఆనీ లార్సెన్ నీటికై అకపుల్కోకు బోయెను; అది పోయిన పిదప మావరిక్ వచ్చెను! ఎదురుగాలులచే మొదటి యోడ మరల రాలేక, జూను నెలాఖరున హోక్వియం రేవున అమెరికా యధికారులకు జిక్కెను. మావరిక్ వట్టి తొట్లతో జావా జేరెను.

నీటికడవకై చెడిన కుట్ర యని కొందరు నవ్వుదురు. మేము నవ్వజాలము. ఆ యోడకై బాలేశ్వర ప్రాంతమున యతీంద్రనాథ ముఖర్జీ కాచుకొని యుండెను. మన తెలుగుసీమ గుండ బోవు మద్రాసు రైలుమార్గపు వంతెనను గూల్చు భారము ఆయనదే. కలకత్తాలోని యొక దుకాణము సోదా వలన జాడ తెలిసి పోలీసులు వచ్చిరి. ఐదుగురును కాలినడకన అడవులును, వరిచేలును దాటి పోవుచుండగా, వీరు దోపిడిగాండ్రని నమ్మి గ్రామస్థులే వెంట దరిమిరి. ఎవరికొరకు ప్రాణములొడ్డిరో వారే తరుముట! మా మనస్సున నెక్కువగా నాటినది ఓడ తప్పిపోవుట గాదు, ఇదియే.

సెప్టెంబరు 9వ తేదీన బుఢాబలంగ నదీప్రాంతమున పిస్తోళ్లతో పోరాడిరి. చిత్తప్రియ రాయచౌదరి యచ్చటనే కూలెను. ముఖర్జీ మరునాడు ఆసుపత్రిలో గతించెను. మనోరంజన సేనగుప్తుని, నీరేంద్ర దాసగుప్తుని ఉరిదీసిరి; జ్యోతిషపాలునకు చెరశిక్ష.

1918లో శాన్ ఫ్రాన్సిస్కో విచారణ ముగిసినప్పుడు జర్మను కాన్సలు ఫ్రాంజ్ బాప్‌నకు విధించినది రెండేండ్ల చెరయు, 10,000 డాలర్ల జుల్మానాయును.