విక్టరీ నౌక – కూపస్తంభముల ఆధారములు

గాలి బలముతో నడచు ఓడలో అన్నిటికంటె ముందు కంటబడునది తెరచాప కొయ్య. దీనినే పూర్వులు కూపస్తంభ మనిరి. చూచువారికి అది నేలలో పాతిన స్తంభమువలె తనంతట తానే నిలిచియున్నట్లు తోచును. నిజమునకు దానికి మూడు ఆధారములు కలవు. అడుగున దాని మొదలును మోయు పీఠము ఒకటి. నడుమ డెక్కులలో అది దూరివచ్చు రంధ్రముల గట్టి అంచులు రెండవది. పైనుండి ప్రక్కలకును, ముందు వెనుకలకును లాగి కట్టిన మోకులు మూడవది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి సడలినను కొయ్యకు ముప్పు వాటిల్లును. అంతేకాదు, ఓడ అడుగుభాగమునకును ముప్పే.

ఓడ అడుగున పొడవునా సాగు పెద్ద దూలమును వెన్నుదూల మందురు. కొయ్య పీఠము సాధారణముగా దీనిపై అమర్చబడును. పీఠముపై పడునది కొయ్య బరువు మాత్రమే యని అనుకొనరాదు. ఒక చిన్న లెక్క చూడుడు. కొయ్యకు ఇరుప్రక్కల రెండు మోకులు కట్టినామనుకొందము. ఒక్కొక్క మోకు కొయ్యతో 15 డిగ్రీల కోణము చేయుచున్నది. ఒక్కొక్క దానిలోని బిగువు 10 టన్నులు. మోకుల అడ్డపు లాగుడు ఎదురెదురుగా ఉండుటచే రద్దగును. క్రిందికి లాగు భాగము మాత్రము రద్దుకాదు. 10ని 15 డిగ్రీల కొసైను విలువ 0.966తో గుణించిన 9.66 టన్నులు, రెండు మోకులకు కలిపి 19.3 టన్నులు. ఇదంతయు కొయ్య సొంత బరువునకు అదనము. మోకులు ఓడ ప్రక్కలను పైకి లాగుచుండగా, కొయ్య మొదలు అడుగును క్రిందికి నొక్కుచుండును. కొయ్యను గట్టిగా నిలుపుటకు చేయు ప్రతి ప్రయత్నమును ఓడ శరీరమే మోయవలెను.

పదునెనిమిదవ శతాబ్దపు గణితవేత్తలను ఈ విషయము ఆకర్షించినది. ఓడకు కొయ్యలను ఎట్లు అమర్చుట ఉత్తమము అను ప్రశ్నపై పారిస్ విజ్ఞాన అకాడమీ 1727లో బహుమతి ప్రకటించినది. బహుమతి బూగేకు దక్కెను. రెండవ స్థానము పొందినవాడు ఇరువది ఏండ్ల ఆయిలర్. సముద్రమే లేని స్విట్జర్లండు దేశమున పుట్టి పెరిగినవాడాయన. 1744లో ఆయిలరే సన్నని స్తంభము ఎంత భారమునకు వంగిపోవునో తెలుపు సూత్రమును ప్రకటించెను. ఆధారము లేని పొడవు రెట్టింపైనచో స్తంభము ఓర్చుకొనగల భారము నాలుగవ వంతుకు తగ్గును. డెక్కులయొద్ద ప్రక్కల ఆధారమెందుకో, మోకులను అంచెలంచెలుగా కట్టుటెందుకో దీనివలన బోధపడును.

ఈ ఆధారములు కాలక్రమమున ఎట్లు మారినవో తెలిసికొనుటకు బ్రిటిషు యుద్ధనౌక ‘విక్టరీ’ మంచి ఉదాహరణము. దీని నిర్మాణము 1759లో ఛాతమ్ నౌకాశాలలో ప్రారంభమైనది. 1765లో నీటిలోనికి దింపిరి. సుమారు 6,000 చెట్ల కలప దీనికి పట్టినది. అందులో అధికభాగము ఓక్. పెద్దకొయ్య కొన నీటిమట్టమునకు సుమారు 62 మీటర్ల ఎత్తున ఉండెడిది. అంత ఎత్తు ఒకే చెట్టుతో సాధ్యము కాదు. కావున ఒకదానిపై ఒకటిగా మూడు అంచెలు నిలిపిరి. 1805 అక్టోబరు 21న జరిగిన ట్రఫాల్గర్ యుద్ధమున శత్రువుల గుండ్లకు దీని వెనుక కొయ్య విరిగిపడినది.

ఆ కాలపు మోకులు జనపనారతో పేనినవి. నార మోకు బిగువునకు సాగును, తడిసిన కుంచించుకొనును. కావున నావికులు వానిని మాటిమాటికి సరిచూచి బిగించుచుండెడివారు. 1834లో జర్మనీలోని క్లౌస్తాల్ గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగలను పేని త్రాడు చేయించి గనిలో వాడెను. తరువాతి దశాబ్దములలో తీగత్రాడు ఓడలకును ప్రాకినది. అదే బలమునకు ఇది చాల సన్నము. సాగుట చాల తక్కువ. కొయ్యలను సైతము ఇనుముతో చేయసాగిరి.

విక్టరీకి కూడ ఈ మార్పు వచ్చినది. 1890 దశాబ్దమున దాని క్రింది అంచె కొయ్యలను తీసివేసి, ‘షా’ అను నౌకకు చెందిన బోలు ఇనుప కొయ్యలను నిలిపిరి. షా సామాన్యమైన నౌక కాదు. 1877లో పెరూ దేశపు ‘హువాస్కర్’ నౌకపై, తనంతట నడచు టార్పీడోను యుద్ధమున మొదటిసారిగా ప్రయోగించినది అదే. ఇనుము కలపవలె కుళ్లదు. కాని తేమకు త్రుప్పుపట్టును.

1922లో విక్టరీని పోర్ట్స్‌మత్‌లోని నీరులేని రేవుగుంటలోనికి చేర్చిరి. నౌకను కాపాడుటకే ఇట్లు చేసిరి. కాని ఇక్కడనే కొత్త చిక్కు పుట్టినది. నీటిలో ఉన్నప్పుడు ఆర్కిమెడిస్ సూత్రము ననుసరించి అడుగుభాగమునంతటిని నీరు పైకి నెట్టుచుండును. బరువు అంతట పంచుకొనబడును. రేవుగుంటలో ఆ బరువంతయు ఉక్కు ఊతలున్న కొన్ని చోట్లనే పడినది. కలప ఎండుచు, కుళ్లుచు బలము తగ్గెను. ఓడ శరీరము ఏటేట సుమారు అర సెంటీమీటరు చొప్పున కదలుచున్నదని కొలతలవలన తేలినది. ఒక్క ఏటికి ఇది స్వల్పమే. నలువది ఏండ్లకు 20 సెంటీమీటర్లు.

కొయ్యను నిలుపు పీఠము ఓడపై ఉన్నది. ఆ ఓడను నిలుపు ఊత బలహీనమైనచో పీఠము గట్టిదై ఏమి ప్రయోజనము? కావున మరమ్మతుకు ఒక క్రమము అవసరమైనది. 2011లో పై అంచెల కొయ్యలను దింపి భారమును తగ్గించిరి. ఓడ ఆకారమును లేసరు కిరణములతో కొలిచి, కంప్యూటరుపై దాని నమూనాను నిర్మించి, ఏ చోట ఎంత బరువు పడుచున్నదో లెక్కగట్టిరి. 2020 ప్రాంతమున పాత ఊతలకు బదులు 134 ఉక్కు ఊతలను అమర్చిరి. ప్రతి ఊతకును తనపై పడు బరువును తెలుపు పరికరము కలదు. అవసరమునుబట్టి ఊతను సరిచేయవచ్చును. నీరు సహజముగా చేసిన పనిని ఇవి కొంతవరకు అనుకరించుచున్నవి. ఈ ఆధారము కుదిరిన పిమ్మట, 2021లో క్రింది అంచె పెద్దకొయ్యను మరమ్మతుకై పైకెత్తిరి. 1890 దశాబ్దము తరువాత అది నౌకను వీడుట అదియే మొదటిసారి.

ఇన్ని భాగములు మారిన నౌకను పాత నౌక యనవచ్చునా యని కొందరు ప్రశ్నింతురు. ఓడ జీవితమంతయు మార్పులతోనే గడచును. ట్రఫాల్గర్ తరువాత విరిగిన కొయ్య స్థానమున మరియొకటి నిలుపవలసియే వచ్చినది కదా. మార్పు ఎంత జరిగినదను దానికంటె ఏ క్రమమున జరిగినదను నదియే ముఖ్యము. భారమును తగ్గించుట, అడుగును నిలుపుట, ఆ పిమ్మటనే కొయ్యను ముట్టుట — విక్టరీ మరమ్మతు నేర్పు పాఠమిది. పాత మిద్దె స్తంభమును మార్చు తాపీమేస్త్రీయు ముందుగా దూలము క్రింద ముట్టు పెట్టి గాని పని మొదలిడడు.