యాత్రా గ్రంథములును ప్రకటనల రాబడియు

యాత్రచేసి తిరిగివచ్చినవానిని ఊరివారు మొట్టమొదట అడుగు ప్రశ్నలు దేవుని గూర్చినవి కావు. దారి యెట్లున్నది, మంచినీళ్లు దొరకునా, బస యెక్కడ కుదిరినది, పండాలు ఎంత పుచ్చుకొనిరి, ఇవియే. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పి సొమ్ము సంపాదించుట మన పెద్దలు ఎరుగరు. కాశికి పోయివచ్చినవాడు పైపెచ్చు తానే సమారాధన చేసి, గంగాజలము పంచి, ఆ యప్పు తీర్చుకొనుచు తాను చూచినది చెప్పెడివాడు. అట్టి సమాచారమునకు వెల యెప్పుడు ఏర్పడెను? ఆ వెలను చదువరి గాక హోటలువాడును అంగడివాడును ఇచ్చుట యెట్లు మొదలయ్యెను? అట్లు ఇచ్చిన పిమ్మట వ్రాయువాని మాట నిలిచెనా? నేటి ప్రసంగమునకు ఇది విషయము.

మన భాషలో యాత్రాగ్రంథమనగానే ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర జ్ఞప్తికి వచ్చును. ఆయన చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగము చేసినవారు. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన పరివారముతో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. త్రోవలో చూచినదెల్ల కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపుచుండిరి. ఏ మజిలీలో అంగళ్లు కలవో, ఏ మజిలీలో నీటికి ఇబ్బందియో, ఏ యేరు ఎట్లు దాటవలెనో ఆ వ్రాతలలో కలదు. 1836లో ఆయన గతించిరి. గ్రంథము అచ్చుపడినది 1838లో. కావున దానిపై ఒక్క రూపాయియైనను ఆయన చేతికి వచ్చియుండదు. ఆయన ఒక సత్రమును బాగున్నదనిన బాగున్నదనియే అర్థము. సత్రపువాడు ఆయనకు ఏమియు ముట్టచెప్పలేదని చదువరికి తెలియును. ఈ విషయము మనస్సునందుంచుకొని ఇక సీమ సంగతి చూతము.

నెపోలియను యుద్ధములు 1815లో ముగిసిన వెనుక ఇంగ్లీషువారు తండోపతండములుగా ఐరోపా ఖండము చూడబోయిరి. వారికి దారిచెప్పు పుస్తకములు కావలసివచ్చెను. మేరియానా స్టార్క్ అను నామె 1820లో ప్రచురించిన గ్రంథమున చూడదగిన చిత్రములకు ఆశ్చర్యార్థకచిహ్నములు పెట్టెను. మిక్కిలి గొప్పవైనచో ఎక్కువ చిహ్నములు. నేడు హోటళ్లకు వేయు నక్షత్రములకు ఇదియే పూర్వరూపమని చెప్పవచ్చును. ఆమె గ్రంథమును ప్రచురించిన లండను నగరపు మర్రే సంస్థవారే 1836లో తమ మొదటి హ్యాండుబుక్కును వెలువరించిరి. యజమాని కుమారుడైన మూడవ జాన్ మర్రే తానే తిరిగి, గుర్తులు వ్రాసికొని, దానిని కూర్చెను.

ఆ 1836వ సంవత్సరముననే పారిసు నగరమున ఎమీల్ ద జిరార్దె అను నతడు లా ప్రెస్ అను దినపత్రిక స్థాపించెను. తక్కిన పత్రికల చందా ఏడాదికి 80 ఫ్రాంకులుండగా అతడు 40కే ఇచ్చెను. తక్కువపడిన సగము ప్రకటనదారులనుండి రాబట్టుకొనెను. వెల తగ్గినచో చదువరులు పెరుగుదురు, చదువరులు పెరిగినచో ప్రకటనలు పెరుగును. ఇదియే అతని లెక్క. ఇంగ్లండులో ఈ లెక్క అంత సులభముగా సాగలేదు. అచ్చట పత్రికలోని ప్రతి ప్రకటనకును ప్రభుత్వపు పన్ను కలదు. 1712లో ఒక షిల్లింగుగా మొదలైన ఆ పన్ను 1815 నాటికి 3 షిల్లింగుల 6 పెన్నీలకు పెరిగెను. 1833లో 1 షిల్లింగు 6 పెన్నీలకు తగ్గెను. ప్రకటన రెండు పంక్తులదైనను పుటెడైనను పన్ను ఒక్కటే గనుక చిన్న వర్తకుని నెత్తిననే పెద్ద దెబ్బ. 1853లో దానిని తీసివేసిరి.

మర్రేవారి పుస్తకముల చివర వేరు పుటసంఖ్యలతో ప్రకటనల భాగమొకటి చేర్చి కుట్టు వాడుక వచ్చెను. హోటళ్లవారు, పెట్టెలు చేయువారు, పొగయోడల కంపెనీలు, సామాను చేరవేయు ఏజెంట్లు, పాసుపోర్టులు తెప్పించి యిచ్చువారు అందులో స్థలము కొనిరి. దినపత్రికకు వేలకొలది చదువరులుండగా, కొలదిగా అమ్ముడుపోవు దారిపుస్తకమున వీరు ఏల సొమ్ము పెట్టిరని అడుగవచ్చును. మన తిరునాళ్లలో కొబ్బరికాయల అంగడివాడు పెద్దబజారులోని స్థలమునకంటె గుడివాకిట మూరెడు స్థలమునకు ఎక్కువ అద్దె ఏల ఇచ్చును? బజారున పోవువానికి కొబ్బరికాయ అక్కర యుండవచ్చును, లేకపోవచ్చును. గుడివాకిట నిలిచినవాడు కొనుటకే వచ్చినాడు. దారిపుస్తకము చేతబట్టినవాడు మూట కట్టుకొని బయలుదేరినవాడు. చదువరులలో పదిమంది తన యింట బసచేసినను హోటలువానికి ప్రకటన వెల గిట్టును. చిన్న గ్రంథమునకు ప్రకటనల రాబడి వచ్చుట వెనుకనున్న యుక్తి యింతయే.

కాని గుడివాకిట అంగడి పెట్టనిచ్చుట వేరు, అర్చకుడే ఆ అంగడి కాయలు మంచివని చెప్పుట వేరు. ఈ రెంటికిని నడుమనున్న గీత చెరుగుటకు ఎంతో కాలము పట్టలేదు. మర్రేవారి పేరు చెప్పి కొందరు మోసగాండ్రు ఐరోపాలోని హోటళ్లకు పోయి, "మీ హోటలును గూర్చి పుస్తకములో మంచిమాట వ్రాయింతుము" అని సొమ్ము గుంజుచుండిరి. మర్రేవారు తమ పుస్తకములయందు హెచ్చరిక అచ్చువేసిరి. సిఫారసు కొనుటకు దొరకునది కాదనియు, ఆ మనుష్యులెవరో తామెరుగమనియు, వారికి సొమ్మిచ్చినవారు మోసపోవుదురనియు దాని సారాంశము. ఇట్టి హెచ్చరిక అవసరమయ్యెను చూడుడు. మోసగాండ్రు వెల లేనిదానిని అమ్మజూడరు గదా! మర్రేవారి మాటకు హోటళ్లవారు ఎంత విలువ కట్టిరో ఆ దొంగల వలననే మనకు తెలియుచున్నది.

ప్రకటనలను పుస్తకము చివరికి త్రోసి, ముందుభాగమును శుభ్రముగా నుంచుట మర్రేవారి పద్ధతి. జర్మనీలోని కోబ్లెంజి పట్టణమున 1827లో పుస్తకశాల తెరచిన కార్ల్ బెడెకరు పద్ధతి మరియు కఠినమైనది. అతడు మర్రేవారి పుస్తకమునుండి రూపమును గ్రహించెను గాని చివరి భాగమును గ్రహింపలేదు. యాత్రికులయెడ న్యాయముగను మర్యాదగను నడచుటయే తన సిఫారసునకు మార్గమనియు, ఏ విధమైన ప్రకటనలకును తమ గ్రంథములలో చోటులేదనియు ఆ సంస్థవారు పీఠికలలో ప్రకటించిరి. బెడెకరు జాగ్రత్తను గూర్చి ఒక కథ చెప్పుదురు. 1847లో మిలాను నగరపు మహాదేవాలయము మెట్లెక్కుచు అతడు ఇరువది మెట్లకొక బఠాణీగింజ చొప్పున ఒక జేబునుండి మరియొక జేబులోనికి మార్చుచుండెనట! మెట్ల లెక్క తప్పకుండుటకు. దిగునప్పుడు గింజలను తిరిగి మార్చి సరిచూచుకొనెనట. ఇట్లు లెక్కించి వ్రాసినవాని మాటను జనులు నమ్మిరి, నమ్మి కొనిరి. జర్మను, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలో ఆ పుస్తకములు పరచుకొనెను. ప్రకటనలు వలదనుట అతనికి ధర్మమే కాక వ్యాపారముగను గిట్టెను. అయినను తగినంత మూలధనము లేని ఒంటరి గ్రంథకర్తకు ఈ దారి సాధ్యము కాదని ఒప్పుకొనవలెను.

కొందరికి ఈ చిక్కే లేదు. 1841 జూలై 5వ తేదీన థామస్ కుక్ అను నతడు లెస్టరునుండి లవ్‌బరోకు షిల్లింగు చొప్పున సుమారు 500 మందిని రైలులో తీసికొనిపోయెను. వృత్తిచే ముద్రాపకుడు గనుక తన యాత్రలకు తానే పుస్తకములు అచ్చువేసికొనెను, 1851లో ఎక్స్‌కర్షనిస్టు అను పత్రికయు పెట్టెను. యాత్ర నమ్మువాడే యాత్రను వర్ణించెను. ఒక విధముగా ఇది నిజాయితీయే. పలుకునది ఎవరి నోరో చదువరికి తెలిసియేయున్నది.

ఫ్రాన్సు దేశమున మోటారుచక్రముల రబ్బరు టైర్లు చేయు మిషెలెన్ సోదరులు ఇంకను దూరము పోయిరి. 1900లో వారు సుమారు 35,000 ప్రతులు అచ్చువేసి ఊరకయే పంచిరి. నాడు ఆ దేశమున మోటారుబండ్లు మూడువేలైనను లేవందురు. బండి నడచినకొలది టైరు అరుగును, అరిగినచో కొనవలయును గదా! అనగా పుస్తకము మొత్తము ఒక ప్రకటన. అందులో మరల పరుల ప్రకటనలు కూడ నుండెను. 1920లో వారు ఆ పరుల ప్రకటనలు తీసివేసి పుస్తకమునకు వెల పెట్టిరి. ఒక దుకాణములో తమ పుస్తకములు బల్లకాలి క్రింద ఎత్తునకు పెట్టియుండుట సోదరులలో ఒకడు చూచెననియు, ఊరక వచ్చినదానికి గౌరవము లేదని గ్రహించెననియు వారి సంస్థలో కథ. 1926 మొదలు మంచి భోజనశాలలకు నక్షత్రము వేసిరి. ప్రకటన మానినపిమ్మటనే ఆ నక్షత్రమునకు మెరుపు వచ్చెననుట గమనింపదగినది.

మన ఆంధ్రదేశమున ఈ కథ తలక్రిందుగా నడచెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించి, ఆ లాభముతో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా నెలకొల్పి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగా నడపిరి. 1924లో భారతిని ప్రారంభించిరి. ఇతరచోట్ల పత్రిక సరకును ప్రకటించి బ్రతికెను, ఇచ్చట సరకే పత్రికను పోషించెను. మందుడబ్బీ కొన్నవాడు తెలియకయే తెలుగు రచయితకును చేయూత నిచ్చెను. ఇట్టి దాత వెనుకలేని వ్రాతగానికి ఆ వసతి లేదు. పాపము, అతడు హోటలువాని గుమ్మము త్రొక్కవలసినదే.

మర్రేవారు 1901లో తమ హ్యాండుబుక్కులలో చాలవానిని ఎడ్వర్డు స్టాన్‌ఫర్డు అను ప్రచురణకర్తకు అమ్మివేసిరి. ఇండియా పుస్తకమును మాత్రము తమయొద్ద నుంచుకొనిరి. 1859లో ఈస్ట్‌విక్ అను నాతడు చెన్నపట్టణ, బొంబాయి రాజధానులను గూర్చి వ్రాసిన భాగములతో మొదలైన ఆ వరుస 1975లో ఇరువదిరెండవ కూర్పువరకు సాగెను. పాతప్రతులను మరల కుట్టించునప్పుడు, చివరి ప్రకటనల కాగితములను పనికిమాలినవని చింపివేయుట బైండరులకు వాడుక. కావుననే ఆ కాగితములతో మిగిలిన ప్రతులను నేటి చరిత్రకారులు వెదకి తెప్పించుకొనుచున్నారు. ఏ యూరిలో గదికి అద్దె యెంతయో, తోలుపెట్టె వెల యెంతయో, ఓడ యే వారము బయలుదేరెడిదో వారికి ఆ చివరి పుటలలోనే దొరకుచున్నది.